గిరణి ముచ్చట్లు: ఎర్ర చుక్కకు కూలి కోత లేదు

పోయిన నెల పింఛను కాగితాల గురించి రాసిన. దానికి ఉత్తరాలు చానా వచ్చినయి, జవాబులు వచ్చే నెల రాస్త. ఈ నెల భివండి నుంచి ఒక చెల్లె రాసిన ఉత్తరం పట్టుకొని కూర్చున్న. వాళ్ళ అమ్మను వృద్ధాశ్రమంల పెట్టిన్రట. పెట్టినంక రెండుసార్లు కింద పడ్డదట. "అన్నా, ఆడి పనోళ్ళ మీద ఫిర్యాదు ఇయ్యాల్నా, అమ్మను ఇంటికి తెచ్చుకోవాల్నా?" అని అడిగింది.

చెల్లె, నాకు డాక్టరీ తెల్వదు. నాలుగో తరగతి దాకా తెలుగు బడిల చదివిన, తర్వాత మగ్గం కాడనే బతికిన. కాని మా అక్క ముచ్చట చెప్తా, దాంట్ల నీకేమన్న పనికొస్తదేమో చూడు.

మా అక్కకు ఇప్పుడు 78 ఏండ్లు. చిన్నప్పటి సంది బీడీలు చుట్టింది. మా బావ గిరణిల వార్పింగ్ ఖాతాల ఉండె, ఆయన పోయి చానా ఏండ్లయింది. పిల్లలు లేరు. మా ఇల్లు మీకు తెల్వనిదేం కాదు, షోలాపూర్ పూర్వభాగంల ఎవరి ఇల్లైనా గంతే. ఒక అర్ర, ఒక వంటగది, పైన అటుక. కొడుకు, కోడలు ఇద్దరు టవల్ కార్ఖానకు పోతరు. అక్కకు మోకాళ్ళు పట్టేసినంక పొద్దంత చూసేటోళ్ళు లేక ఆశ్రమంల పెట్టినం. మనోళ్ళల్ల ఇది సిగ్గు పని. ఆర్నెల్ల దాకా పెండ్లిళ్ళకు పోతే "అక్క ఊరికి పోయింది" అని చెప్పుకుంట తిరిగిన.

ఆశ్రమంల 26 మంది ముసలోళ్ళు. పగటి పాళీల ముగ్గురు మావశీలు, రాత్ పాళీల ఇద్దరు. గేటు కాడ ఒక వాచ్‌మన్. నడిపే మేడమ్ మంచిదే, కాని పొద్దుమాపు పైసల తిప్పలు.

నిరుడు వానలప్పుడు ఒకనాడు తెల్లవారుజాముల అక్క బాత్‌రూంకు పోతూ పడ్డది. తుంటి ఎముక ఇరిగింది. ఆపరేషన్ చేసి రాడ్ ఏసిన్రు. 19 రోజులు దవాఖానాల ఉన్న నేను. అక్క బతికింది గాని మళ్ళ తన కాళ్ళ మీద నడవలేదు. ముసలోళ్ళకు తుంటి ఇరిగితే గట్లనే ఉంటదని అక్కడి డాక్టరు చెప్పిండు, చానామంది మునుపటి లెక్క తిరగలేరని.

నేను ఆశ్రమంకు పోయి గట్టిగ లొల్లి పెట్టిన. మేడమ్ నన్ను కూసోబెట్టి, "కాకా, ఆ పొద్దు డ్యూటీల ఉన్న మావశీ పగారు నుంచి 500 కోసినం" అన్నది. నిజం చెప్తున్న, ఆ మాట ఇంటే కడుపు చల్లబడ్డది. పోయి అక్కకు గూడ చెప్పిన. అక్క మొఖం గోడ దిక్కు తిప్పుకున్నది.

"ఎవరి పైసలు కోయించినవురా? ఆ పొద్దు నల్ల వచ్చింది. ఆ పిల్ల నీళ్ళ కాడ ఉండె. నాకు ఆగక నేనే లేసిన. కార్ఖానాల 1000 బీడీలు ఇస్తే మంచియి గూడ చెడ్డయని పక్కకు తీసేటోళ్ళు, నేను ఏడ్చుకుంట ఇంటికొచ్చేది నీకు యాదికి లేదా?"

నేను పట్టించుకోలేదు. ముసలితనం, మందుల మత్తు అనుకున్న.

బయటికి వస్తుంటే ఆ మావశీ గేటు కాడ నిలబడి ఉన్నది. మనోళ్ళ పిల్లనే, మా గల్లీకి నాలుగు గల్లీల అవతల ఉంటది. "మామా, నన్ను తిట్టుండ్రి, కాని ఒక్క మాట ఇనుండ్రి" అన్నది. "ఈ వానల్ల మీ అక్క నాలుగో మనిషి. ముగ్గురు పడ్డది మేము చెప్పలేదు. దెబ్బ గట్టిగ తాకలేదు, లేపి పండబెట్టినం. చెప్తే పైసలు కోస్తరు. మీ అక్కది ఎముక ఇరిగె కాబట్టి దాగలేదు."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కోపం ఆ పిల్ల మీద కాదు. ఆ మాట నేను ఎప్పుడో నా నోటితోని చెప్పినట్టే అనిపించింది.

గిరణిల పనిచేసినోళ్ళకు చెప్పాల్సిన పని లేదు, కాని పిల్లల కోసం రాస్తున్న. మగ్గం మీద పడుగు పోగు తెగి మనం చూడకపోతే, ఆ పోగు పక్క పోగులకు చుట్టుకొని బట్టల జాలి పడ్తది. బట్ట ఘడీ ఖాతాకు పోయినంక బల్ల మీద పరిచి చూస్తరు. జాలి కనబడితే గుర్తు పెట్టి నేసినోని పగారు నుంచి జుర్మానా కోస్తరు. మేమేం చేసేటోళ్ళం? సూది, దువ్వెన పట్టుకొని జాలిని రుద్ది కప్పేటోళ్ళం. పైకి మంచిగ కనబడేది. రెండు నీళ్ళు పోయంగనే ఆడనే చినిగేది. జాలి ఎందుకు పడిందో ఎవరు అడగకపోతుండె, మేము చెప్పకపోతుంటిమి.

1985 ఎండాకాలంల ఒకాయన వచ్చిండు. అహ్మదాబాద్‌ల, బొంబాయిల, కోయంబత్తూర్‌ల గిరణిలోళ్ళ పరిశోధన సంస్థలు ఉన్నయి గద, గసొంటి దాంట్లకెల్లి. చేతిల అట్ట, పెన్సిలు. మా మగ్గాల వెనుక నిలబడి ఏ మగ్గం ఎప్పుడు ఆగింది, ఎందుకు ఆగింది అని గీతలు గీసేటోడు. పడుగు తెగితే ఒక గీత, పేక తెగితే ఒక గీత, కండె అయిపోతే ఒక గీత. మేము ఆయనతోని మాట్లాడలేదు. మనిషికి మగ్గాలు పెంచుతందుకే వచ్చిండనుకున్నం. ఆ అనుమానం ఉత్తదేం కాదు, గట్ల లెక్కలు రాసుకొని పోయి మనుషులను తీసేసిన గిరణిలు ఉన్నయి.

ఈసారి మాత్రం లెక్క వేరే తీరుగ తేలింది. ఎక్కువ తెగేది మధ్యాహ్నం పూట, ఒక్క వరుస మగ్గాల మీదనే. ఆ వరుస మీద గాలికి తేమ కొట్టే నాజిళ్ళు మూసుకపోయినయి. మా ఊరి ఎండల గాలి ఎండితే గంజి పెట్టిన పోగు పెళుసైతది, పుటుక్కున తెగుతది. ఆ వరుస మీద నేసిన నేను మూడేండ్లు జుర్మానా కట్టిన. నాజిల్ తప్పుకు నా పగారు. ఆ పైసలు ఎవరు తిరిగియ్యలేదు, అది వేరే ముచ్చట.

తెల్లారి మళ్ళ మేడమ్ కాడికి పోయిన. లొల్లికి కాదు. "అమ్మా, ఒక్క నెల కోత ఆపుండ్రి. ఎవరు పడ్డా, ఎంత చిన్నగ పడ్డా రాసి పెడితే పైసలు కోయమని మావశీలకు మాట ఇయ్యుండ్రి" అన్న. ఆమె ఒప్పుకోలేదు. "కోయకపోతే మీ అసొంటోళ్ళే వచ్చి నన్ను తిడ్తరు. మొన్న మీరు తిట్టలేదా?" అన్నది. నోట్ల మాట లేదు నాకు. ఆఖరుకు, "మా అక్కే పడ్డది, నేనే కోయొద్దంటున్న, కాగితం మీద సంతకం పెట్టిస్త" అంటే ఒక నెలకు ఒప్పుకున్నది.

మా పెద్దన్న మనుమరాలు నర్సింగ్ చదువుతున్నది. దానికి ఈ ముచ్చట చెప్తే నవ్వింది. "తాతా, దీనికి మా పుస్తకంల పేరున్నది. నాణ్యత మెరుగుదల అంటరు. ఇది దవాఖానాల పుట్టలేదు, మీ కార్ఖానాలకెల్లే వచ్చింది" అన్నది. అమెరికాల టెలిఫోన్లు చేసే కంపెనీల షూహార్ట్ అని ఒకాయన ఉండెనట. సరుకుల వచ్చే తేడాలను చుక్కలు పెట్టి ఎట్ల చూడాల్నో 1924ల గీసి చూపించిండట. ఆయన దారిల నడిచిన డెమింగ్ అనే ఆయన 1950ల జపాన్ పోయి అక్కడి కార్ఖానాలోళ్ళకు నేర్పిండట. దవాఖానలోళ్ళు, వృద్ధాశ్రమాలోళ్ళు చానా వెనుక అందుకున్నరు. పద్ధతి చెప్పుమంటే నాలుగు మాటలల్ల చెప్పింది. ఒక చిన్న మార్పు అనుకో. కొద్దిమంది మీద, కొద్దిరోజులు చేసి చూడు. ఏమైందో రాసినదాన్ని చూడు. పనిచేస్తే పెంచు, లేకపోతే ఇడిచిపెట్టి ఇంకొకటి పట్టుకో.

మావశీలు అయిదుగురిల ముగ్గురికి చదువు రాదు. అందుకని ఒక కాలనిర్ణయ్ కేలండర్ తెచ్చి వంటింటి తలుపు పక్కన తగిలిచ్చిన. ఎవరు పడని రోజు పచ్చ చుక్క, పడితే ఎర్ర చుక్క. పక్కన ఒక నోటుబుక్కు. దాంట్ల బొమ్మలు గీసినం. మంచం బొమ్మ, బాత్‌రూం బకెట్ బొమ్మ, మెట్ల బొమ్మ. ఏ కాడ పడితే ఆ బొమ్మ కింద గీత. పొద్దు ఎంతయిందో మాత్రం ఎవరినన్న అడిగి రాయాలె. పడ్డ మనిషి ఏడికి పోతుండె, కాళ్ళకు చెప్పులు ఉన్నయా, లైటు ఉన్నదా, గంతే. ఎవరి డ్యూటీ అనేది రాయద్దన్న. మేడమ్‌కు అది నచ్చలేదు గాని ఊకున్నది.

మొదటి నెల ఎర్ర చుక్కలు 7. మేడమ్ తల పట్టుకున్నది. "కాకా, అంతకుముందు రిజిస్టర్ల నెలకు ఒకటి గూడ లేకుండె. మీరు కోత ఆపిచ్చిన్రు, వీళ్ళు పట్టింపు ఇడిచిపెట్టిన్రు" అన్నది. నేను ఘడీ ఖాతా ముచ్చట చెప్పిన. జాలి కప్పుడు ఆపితే జాలీలు పెరిగినట్టే కనబడ్తయి. పెరగలేదు, బయటికొచ్చినయి. మేడమ్ అయిష్టంగనే ఇంకొక నెల ఇచ్చింది.

అసలు సంగతి పట్టింది నేను కాదు, గేటు కాడ నిలబడ్డ ఆ పిల్లనే. కేలండర్ ముందు నిలబడి, "మామా, ఈ ఎర్ర చుక్కలు నల్ల వచ్చిన రోజులల్లనే ఉన్నయి" అన్నది. మా షోలాపూర్ల నల్ల రోజు రాదు, నాలుగైదు రోజులకొకసారి వస్తది. ఆశ్రమం ఉన్న దిక్కు తెల్లవారుజామున నాలుగింటికి వస్తది. 26 మందికి సరిపోయే నీళ్ళు పట్టాల్నంటే రాత్ పాళీ ఇద్దరు మావశీలు డ్రమ్ముల కాడనే ఉంటరు. సరిగ్గ అదే పొద్దుకు ముసలోళ్ళకు మెలకువ వస్తది, ఒంటికి పోవాల్ననిపిస్తది. పిలిస్తే నీళ్ళ సప్పుడుకు ఇనబడదు. 7 చుక్కలల్ల 5 నల్ల రోజులే. మా అక్క పడ్డది గూడ నల్ల రోజే. అక్క మొదటి రోజే చెప్పింది, నేను మందుల మత్తనుకున్న.

ఇగ మార్పులు పెట్టుకున్నం. మొదలు గంట. మంచానికి ఒక చిన్న గంట కడితే పిలుస్తరనుకున్నం. ఒక అర్రల ముగ్గురు అవ్వల మంచాలకే కట్టినం. రెండు రోజులల్ల ఇడిచిపెట్టినం. ఒక అవ్వ ఎవరికి తిప్పలు పెట్టద్దని గంట కొట్టనే కొట్టలేదు. ఇంకొకామె దేవుని గంట అనుకొని పొద్దుపొద్దున భజన సురువు చేసింది.

రెండోది నా తెలివి. బాత్‌రూం ముంగట తడి ఉంటదని మా కార్ఖాన టవళ్ళు నాలుగు తెచ్చి పరిచిన. నున్నటి బండ మీద టవల్ జారింది, ఒక అవ్వ కూలబడ్డది. దేవుని దయ, దెబ్బ తాకలేదు. నోటుబుక్కుల ఆ మావశీ గీత గీసి కింద టవల్ బొమ్మ గీసింది. ఎవరి డ్యూటీ రాయద్దని చెప్పింది నేనే కదా, లేకపోతే ఆ పొద్దు నా పేరే పడేది. కోత ఉంటే నా పింఛను నుంచి కోసేటోళ్ళు!

మూడోది పనిచేసింది. నల్ల వచ్చే రోజు మూడున్నరకు, నీళ్ళ కాడికి పోకముందే, ఒక మావశీ అర్రలల్లకు పోయి మెలకువ ఉన్నోళ్ళను మాత్రం బాత్‌రూంకు తీసుకపోవాలె. మొదలు అందరిని లేపితే ఒక తాత లేపినందుకు చెప్పు ఇసిరిండు, అందుకని మెలకువ ఉన్నోళ్ళనే. ఒక అర్రతోని మొదలుపెట్టి, రెండు నల్ల రోజులు చూసి, తర్వాత అన్ని అర్రలకు పెంచినం. ఇద్దరు మావశీలల్ల ఒకరు నాలుగింటి నుంచి ఆరింటి దాకా అర్రలు ఇడిచి పోవద్దన్నం. మరి నీళ్ళు? వాచ్‌మన్ పట్టాలె. ఆయన, "నీళ్ళు పట్టుడు ఆడోళ్ళ పని" అన్నడు. మేడమ్ రెండుసార్లు చెప్తే గాని కదలలేదు. ఇప్పుడు మోటరు ఆయననే ఏస్తడు, డ్రమ్ములు ఆయననే నింపుతడు, నోటితోని మాత్రం గొణుగుతడు.

రెండో నెల ఎర్ర చుక్కలు 4, దాంట్ల నా టవల్ ఒకటి. మూడో నెల 2. నాలుగో నెల మళ్ళ 3. ఆ నెలల ఒకాయన తన తల్లిని చూడొచ్చి గోడ మీద ఎర్ర చుక్కలు చూసి, "ఇంతమంది పడ్తరా మీ తాన!" అని అరిచిండు. మేడమ్ భయపడి కేలండర్ తీసి బీరువల పెట్టింది, కోత మళ్ళ సురువు చేద్దమన్నది. మావశీలు నాకు ఫోన్ చేసిన్రు. నేను పోయేలోపే వాళ్ళే మేడమ్‌తోని కొట్లాడి కేలండర్ తెచ్చి వంటింటి లోపలి గోడకు తగిలిచ్చుకున్నరు. నేను పోయి ఒక్కటే అన్న: మగ్గం ఒకనాడు రెండుసార్లు ఆగుతది, ఒకనాడు మూడుసార్లు ఆగుతది, ఒక్క ఎక్కువ గీతకు జాబర్‌ను పిలిచి మగ్గం ఇప్పదీసేటోళ్ళమా? అయిదారు నెలలు వరుసగ చూడాలె. మనుమరాలు చెప్పిన షూహార్ట్ లెక్క గూడ గదే, మామూలుగ ఊగేది ఏదో, కొత్తగ చెడింది ఏదో వేరు చేసి చూసుడు. మేడమ్ ఆ మావశీ 500 తిరిగిచ్చింది, రెండు నెలలయినంక, సగం సగం చేసి.

ఎవరు పడకుండ అయితరని నేను చెప్త లేను. ముసలోళ్ళు నడుస్తరు, నడిచేటోళ్ళు పడ్తరు. పడద్దని మంచానికి కట్టేసే ఆశ్రమాలు గూడ ఉన్నయని ఇన్న, అట్ల చేస్తే చుక్కలన్ని పచ్చగనే ఉంటయి.

ఇప్పుడు మావశీలు నన్ను అడగకుండనే ఇంకొక కాగితం పెట్టుకున్నరు. మంచం దిగలేనోళ్ళను రెండు గంటలకొకసారి పక్కకు మర్లేస్తే పుండ్లు పడవు. ఏ పక్కకు మర్లేసిన్రో బాణం గుర్తు గీస్తరు. మా అక్క మంచం కాడ గూడ ఒక కాగితం ఉన్నది. అక్క దాన్ని లెక్క పెడ్తది. బీడీలు 25 కట్ట కట్టిన చేయి అది, లెక్క తప్పదు. మొన్న పోతే, "నిన్న మధ్యాహ్నం ఒక బాణం తక్కువున్నది, కాని ఆ పిల్లను ఏమనకు, దాని కొడుకుకు జ్వరముండె" అన్నది.

భివండి చెల్లె, నువ్వు ఆశ్రమంకు పోయినప్పుడు "మా అమ్మను ఎందుకు పడేసిన్రు" అని అడగకు. పడ్డప్పుడు ఏడ రాస్తరో చూపియ్యమను. రాసినందుకు పైసలు కోస్తరా అని మావశీలను పక్కకు తీసుకపోయి అడుగు. మీ అమ్మ రెండుసార్లు ఎన్ని గంటలకు పడ్డది, ఏడికి పోతుండె, ఆ పొద్దు మావశీలు ఏ పనిల ఉండిరి, ఈ మూడు తెలుసుకో. రాయడానికి, చూపియ్యడానికి వాళ్ళు ఒప్పుకోకపోతే, మనిషిని కొట్టినట్టు, కట్టేసినట్టు అనుమానముంటే మాత్రం ఆలోచించకు. ముసలోళ్ళ కోసం సర్కారు పెట్టిన 14567 నంబరుకు ఫోన్ చెయ్, పైసలు పడవు. ఇంటికి తెచ్చుకునుడు నీ ఇంటి సంగతి, అది నేను చెప్పలేను. తెచ్చుకున్నా ఆ మూడు లెక్కలు ఇంట్ల గూడ రాసుకో, పడుడు ఇంట్ల గూడ ఉంటది.

అమ్మ ముచ్చట ఏమైందో మళ్ళ ఉత్తరం రాయి. పింఛను ఉత్తరాలోళ్ళు ఇంకొక నెల ఓపిక పట్టుండ్రి.